పెన్సిల్లో మిగిలిన అక్షరం

పొద్దున్నే లేచి మొహం కడుక్కుని, స్టవ్ వెలిగించకముందే అందరిళ్ళలోనూ బైబిలు తెరుస్తారు. పాత నిబంధన అయిపోయి కొత్త నిబంధన మొదలయ్యే చోట ఇంటివాళ్ళ పేర్లు రాసుకునే పేజీ ఉంటుంది కదా, అది తీసి, ఎవరి పేరు మీద వాళ్ళు ఉంగరపు వేలు ఆనిస్తారు. బతికున్నవాళ్ళ పేరు తడిగా ఉంటుంది, పోయినవాళ్ళది ఆరిపోయి ఉంటుంది. వేలికంటిన నీలం సిరా ఎంత రుద్దినా సాయంత్రం దాకా వదలదు. అందుకే బస్సులో కడ్డీ పట్టుకున్న వేళ్ళూ, బజార్లో వంకాయలు ఏరే వేళ్ళూ అన్నీ కొసన నీలంగానే ఉంటాయి.

రఫూ పిల్ల వేలు ఒక్కటే తెల్లగా ఉండేది.

యాభైకి దగ్గరపడ్డా ఆమె రఫూ పిల్లే. చిన్నప్పుడెప్పుడో టైలర్ మాస్టారి కొట్లో చేరినప్పుడు పడిన పేరు, అలాగే అతుక్కుపోయింది. బట్ట చిరిగిన చోట, ఆ బట్ట మడతలోంచే దారం లాగి, చిరుగు ఎక్కడుండేదో కట్టుకున్నవాళ్ళకే తెలియకుండా అల్లేది. తెల్లబట్టలన్నీ ఆమెకే ఇచ్చేవాళ్ళు. పెళ్ళి గౌన్లు, డాక్టర్ల కోట్లు, పాస్టర్ల అంగీలు. మిగతావాళ్ళ వేళ్ళకి సిరా కదా మరి. నల్లబట్టలు పక్క బల్ల ముసలాయన చేసేవాడు. నల్లదాని మీద నల్లదారం వెతికీ వెతికీ చూపు పోయి, కిందటేడు ఇంట్లో కూర్చున్నాడు.

ఆమె వేలు తెల్లగా ఎందుకుందంటే, బైబిల్లో ఆమె పేరు ఎప్పుడూ తడి లేదు కాబట్టి. వాళ్ళమ్మ రోజూ తన పేరు ముట్టుకుని, తర్వాత చిటికెన వేలితో కూతురి వరస ముట్టుకుని, ఆ కొస వెలుతురులోకి పెట్టి చూసుకునేది. అక్కడ ఏమీ ఉండేది కాదు. అయినా పైట చెంగుకి తుడుచుకునేది.

"మీ నాన్న చవక సిరా తెచ్చాడు, ఏం చెయ్యను" అనేది.

పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు బైబిలు తెరిచి, వేలు ఆనించి, కాఫీ చల్లారకముందే లేచి వెళ్ళారు. తర్వాత ఎవరూ రాలేదు. నాన్న పోయాక అమ్మా కూతురూ చర్చి వాళ్ళ క్వార్టర్లలో ఒక్క గదిలో, ఒక్క కిటికీ పక్కన కుట్టుకుంటూ బతికారు. మొన్న చలికాలంలో అమ్మ పేరు కూడా ఆరిపోయింది.

నెల తిరక్కుండా క్వార్టర్ల కేర్‌టేకర్ వచ్చాడు. మంచివాడే. చెప్పులు బయటే విప్పి, చంకలోంచి అద్దుడు కాగితం తీసి, పేర్ల పేజీ మీద పరిచి అరచేత్తో నొక్కాడు. ఎత్తి చూస్తే తెల్లగా ఉంది. తిప్పి చూశాడు. అటూ తెల్లగానే ఉంది.

"ఏమ్మా, మీ ఇంట్లో ఎవరూ లేరన్నమాట."

"నేనున్నానుగా అన్నయ్యగారూ."

"నువ్వున్నావని నాకు తెలుసమ్మా. నీతో మాట్లాడుతున్నాను కదా. కాగితానికి తెలియాలిగా." మంచం అంచున కూర్చుని మెడ రుద్దుకున్నాడు. "తడి పేరు లేని ఇల్లు ఖాళీ ఇల్లు కింద లెక్క. కమిటీ వాళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఈస్టర్ దాకా నేను ఆపగలను. ఈలోగా ఆ పేరు సంగతేంటో చర్చి రికార్డుల్లో కనుక్కో. తేదీ ఏమైనా తప్పు రాశారేమో."

ఆ గది పోతే ఆమెకి ఇంకో గది లేదు. కొట్లో మాస్టారు బల్లకింద పడుకోనివ్వడు. కాబట్టి ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి, బైబిలు పాత దిండుగలీబులో చుట్టుకుని రికార్డుల గదికి వెళ్ళింది.

రికార్డుల ఆవిడ ముక్కు మీద కళ్ళజోడు, దాని మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని చూసేది. బాప్తిస్మాల పుస్తకం తీసింది. ఆమె పేరు, అమ్మ పేరు, నాన్న పేరు, బైబిల్లో ఉన్న తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"అన్నీ ఉన్నాయి కదమ్మా, ఇంకేంటి నీ బాధ?"

"తడి లేదండీ."

ఆవిడ తలెత్తి ఆమెని పైనుంచి కిందకి చూసింది. లేచి, కిందవరస అలమరలోంచి ఇంకో పుస్తకం మోసుకొచ్చింది. సమాధుల పుస్తకం. బాగా బరువు, అట్ట మీద దుమ్ము లేదు. చాలామంది తీస్తారు కాబోలు. వేలు పెట్టి ఒక్కో వరసా దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. పుస్తకం రఫూ పిల్ల వైపు తిప్పింది.

అదే పేరు. అదే అమ్మ, అదే నాన్న. వయసు దగ్గర "పసిబిడ్డ" అని ఉంది. కారణం దగ్గర "జ్వరం".

రఫూ పిల్ల చాలాసేపు చదివింది. ఆమెది అయిదో తరగతి చదువు, అయినా అందులో చదవడానికి అంత ఏమీ లేదు.

"మరి నేనెవర్నండీ?" అంది.

"అది మా దగ్గరుండదమ్మా. మునిసిపాలిటీలో పుట్టుకల చిట్టా ఉంటుంది. ఈ తేదీ తర్వాత రెండు మూడేళ్ళవి చూడమను."

మునిసిపాలిటీలో గుమాస్తా చూశాడు. రెండేళ్ళ తర్వాతి పేజీల్లో దొరికింది. అమ్మ పేరుంది, నాన్న పేరుంది. బిడ్డ పేరు రాయాల్సిన గడిలో ఏమీ లేదు. పక్క గడిలో "ఆడ" అని మాత్రం ఉంది. పేరు తర్వాత చెప్తామని వెళ్ళి మళ్ళీ రాలేదన్నమాట.

"పోనీలెండి, రెండేళ్ళు చిన్నవాళ్ళయ్యారు" అన్నాడు గుమాస్తా. "అందరికీ దొరుకుతుందా ఈ అదృష్టం?"

ఆమె నవ్వబోయింది. మొహం కదల్లేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ తనని పిలిచినవాళ్ళందరూ ఎవరినో పిలిచారు. తను పలికింది.

పేరు కొత్తగా రాయించుకోవచ్చు, దానికేం అడ్డం లేదు. కానీ రాసే చెయ్యి ఆ బిడ్డని పుట్టిన వారంలో ఎత్తుకున్న చెయ్యి అయ్యుండాలి. ఇంకెవరు రాసినా, తన పేరు తనే రాసుకున్నా, నూనె కాగితం మీద నీళ్ళలా సిరా జారిపోతుంది. ఆమెని ఆ వారంలో ఎత్తుకున్నవాళ్ళలో మిగిలింది మేనమామ ఒక్కడే. ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉంటాడు.

మేనమామ ఒకప్పుడు కొట్లకి బోర్డులు రాసేవాడు. ఊళ్ళో సగం బోర్డులు ఆయన చేతివే. ఇప్పుడు గ్లాసు పట్టుకుంటే సగం ఒళ్ళోకి వచ్చేది. ఆమె వెళ్ళేసరికి కిటికీ దగ్గర కూర్చుని, ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డుని తిడుతున్నాడు.

"చూడవే చిన్నదానా, ఆ కంప్యూటర్ అక్షరాలు. ఒక్కదానికైనా నడుముందా?"

ఆయన చిన్నప్పటి నుంచీ ఆమెని చిన్నదానా అనే పిలిచేవాడు. ఒక్కతే కూతురైనప్పుడు చిన్నదేమిటి, పెద్దదేదీ అని ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

"మామయ్యా, నాకంటే ముందు ఒకర్తుండేదటగా."

ఆయన బోర్డు తిట్టడం మానేశాడు.

"ఎవరు చెప్పారు?"

"పుస్తకం."

"ఉండేది. మూడో నెల రాకుండానే బోర్లా పడిన పిల్ల." చొక్కా బొత్తం ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వు పుట్టాక మీ అమ్మ నిన్ను చూసి, ఇది అదే, మళ్ళీ వచ్చింది అంది. అదే ముక్కట, అదే ఏడుపట. కొత్త వరస రాస్తే మొదటిది పోయిందని ఒప్పుకున్నట్టే కదా, రాయనివ్వను అంది. అదే పేరు పెట్టి పిలిచింది."

"నాన్న ఏం అన్లేదా?"

"మీ నాన్న మీ అమ్మకి ఎదురు చెప్పిన రోజుందా? సిరాబుడ్డి మూత తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. బిడ్డ వచ్చింది కాబట్టి పాత వరసే తడుస్తుందని చూసింది మీ అమ్మ."

"ఎన్నాళ్ళు చూసింది?"

"అది నువ్వే చెప్పాలి. నీ పక్కనే కూర్చుని చూసింది కదా."

ఆమె దిండుగలీబు విప్పి బైబిలు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. సిరాబుడ్డీ, కలమూ కూడా తెచ్చుకుంది. గది సంగతి చెప్పింది. ఆయన విని, తలూపి, ఒక్క మాట అడిగాడు.

"ఏం పేరు రాయమంటావే?"

ఆ మాట మాత్రం ఆమె ఆలోచించుకుని రాలేదు. ఉన్న పేరు అక్కది. అది రాసుంది, ఆరిపోయుంది. ఒకే పేజీలో ఒకే అమ్మకి అదే పేరు రెండోసారి పట్టదు. ఆమె వేలితో మంచం పట్టీ మీద రెండు గీతలు గీసింది.

"నువ్వు పిలిచేదే రాయి మామయ్యా. చిన్నది అని."

"అదేం పేరే, నా మొహం. అది పిలుపు."

"నన్ను చూసి పిలిచింది అదొక్కటేగా."

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. ఆ తర్వాత పెన్సిలూ, స్కేలూ కావాలన్నాడు.

"మామూలుగా రాసెయ్యి మామయ్యా. ఎలా ఉన్నా ఫరవాలేదు."

"ఎలా ఉన్నా ఫరవాలేదనే బోర్డు నేను జన్మలో రాయలేదు. తొందరపెట్టకు."

నర్సుని అడిగి పెన్సిలూ స్కేలూ తెచ్చింది. ఆయన పైన ఒక గీత, కింద ఒక గీత గీశాడు. ఎడంచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, అక్షరాలు మూడూ ముందు పెన్సిల్‌తో డొల్లగా వేసుకున్నాడు. వంపులు నచ్చక ఒకటి చెరిపి మళ్ళీ వేశాడు. ఆ వణుకుతున్న చేతిలోంచి అంత నిండైన అక్షరాలు ఎలా వచ్చాయో, వాటికి నిజంగానే నడుములున్నాయి. అప్పుడు కలం ముంచి లోపల నింపడం మొదలుపెట్టాడు. మొదటి అక్షరం నిండేసరికి ఎండ మంచం దిగింది. రెండోదాని కింద ఒత్తు నిండేసరికి నర్సు వచ్చి, చూడ్డానికొచ్చినవాళ్ళు ఇక బయల్దేరాలంది.

"ఒక్క అక్షరమే ఉందమ్మా" అంది రఫూ పిల్ల.

"చెయ్యి లాగేస్తోందే" అన్నాడు ఆయన. "అలసిన చేత్తో వేస్తే ఆ చివరిది కుంటుతుంది. ఆదివారం రా. గుడి గుండ్రంగా, బొద్దుగా వేస్తాను."

నిండిన రెండక్షరాలూ తడిగా మెరుస్తున్నాయి. ఆమె బైబిలు మూయకుండా, రెండు చేతుల మీదా పళ్ళెంలా పట్టుకుని బస్సెక్కింది. ఎవరో లేచి సీటిచ్చారు.

ఆదివారం వెళ్ళేసరికి కిటికీ దగ్గర మంచం మీద దుప్పటి మార్చి మడత పెట్టారు. తలవైపు ఆయన బైబిలు తెరిచే ఉంది. ఆయన వరస మీద ఆమె వేలు ఆనించింది. పొడిగా, గరగరగా ఉంది. నర్సు పెన్సిల్ వెనక్కి ఇమ్మంది.

ఇంటికొచ్చి ఆమె కలం తీసింది. ఫలితం లేదని తెలుసు. అయినా పెన్సిల్ గీతల మధ్య సిరా పెట్టింది. అది పూసలా గుండ్రంగా అయ్యి, పేజీ అంచుదాకా దొర్లి, నేల మీద పడింది.

ఈస్టర్ వెళ్ళాక కేర్‌టేకర్ వచ్చాడు. కాగితం నొక్కి ఎత్తి, వెలుతురుకి పట్టి వెనకనుంచి చదివాడు.

"ఇంతేనా?"

"ఇంకో అక్షరం పెన్సిల్లో ఉంది అన్నయ్యగారూ."

"పెన్సిల్ అద్దుకోదమ్మా." నిజంగానే బాధపడ్డాడు. కాగితం జాగ్రత్తగా చుట్టుకున్నాడు. "ఖాళీ ఇల్లని రాయలేను. నిండు ఇల్లని కూడా రాయలేను. అడిగి చెప్తాను."

కమిటీ వాళ్ళు ఆలోచించారు. పూర్తికాని పేరుకి పూర్తి గది ఇవ్వడం కుదరదన్నారు. వడ్రంగులు వచ్చి గది నడుమ చెక్కగోడ కట్టారు. కిటికీ అవతలికి పోయింది. అవతల కొత్తగా పెళ్ళయినవాళ్ళు దిగారు. పొద్దున్నే వాళ్ళు బైబిలు తెరిచి, ఒకళ్ళ వేలు ఒకళ్ళకి చూపించుకుని నవ్వుకోవడం చెక్కసందుల్లోంచి వినపడేది.

ఇవతల రఫూ పిల్ల బల్బు వేసుకుని తన పేజీ తెరిచేది. ముందు అక్క పేరు ముట్టుకునేది. అది ఆరిపోయిన పేరని ఇప్పుడు తెలుసు, దాన్నుంచి ఏమీ అడిగేది కాదు. తర్వాత తన వరస మీద ఉంగరపు వేలు ఆనించేది. రెండక్షరాలే అయినా బాగా అంటేవి.

వేలికి సిరా అంటిన మొదటిరోజు కొట్లో మాస్టారు ఆమె ముందు పెళ్ళిగౌను పరిచి, ఆమె వేలు చూసి, మళ్ళీ మడిచాడు.

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి మాస్టారూ."

"సంతోషం." ఆయన గౌను చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. "చూడమ్మా, పని ఉన్న రోజుల్లో పొద్దున ముట్టుకోకుండా వస్తే సరిపోతుంది. ఉందని తెలిసిందిగా, ఇంక రోజూ చూసుకోవాలా?"

ఆమె తల వంచుకుని, చెప్పలేక చెప్పలేక చెప్పింది.

"ముట్టుకోకుండా ఉండలేనండీ."

మాస్టారు గౌను లోపల పెట్టొచ్చి, ముసలాయన ఖాళీ చేసిన బల్ల మీదికి ఆమె సూదులపెట్టె జరిపాడు. ఎవరిదో నల్లకోటు తెచ్చి ముందు వేశాడు.

ఆమె కోటు ఎత్తి దీపానికి దగ్గరగా పట్టుకుంది. చిరుగు ఎక్కడుందో కనపడలేదు. కళ్ళు చికిలించి ఉంగరపు వేలితో తడుముతూ పోయింది. దారి పొడుగునా నీలం అంటుకునే ఉంటుంది. నల్లబట్ట కదా, ఎవరికీ కనపడలేదు.