మూడు తేగలు

పంతొమ్మిది వందల ముప్పై నాలుగో సంవత్సరం కార్తీక మాసం మొదట్లో మా ఆయన దేవసహాయాన్ని ఉంగుటూరు తీసుకెళ్లాను. అప్పటికి మూడేళ్లుగా ఆయన కడుపు ఆయన మాట వినడం లేదు. బొడ్డు కింద కుడివైపు మెలిపెట్టే నొప్పి, నోట్లో పుళ్లు, రోజుకు పది పన్నెండుసార్లు గట్టు మీదికి పరుగు. కొల్లేటి మీద తాటిదోనెలో ధాన్యం బస్తాలు వేసుకుని మండవల్లి వైపు నడిపిన మనిషి. ఆఖరికి దోనె తోసే గెడ పట్టుకుని నిలబడితే, గెడే ఆయన్ని నిలబెట్టినట్టు ఉండేది.

ఏలూరు ఆసుపత్రిలో ప్రసాదరావు డాక్టరుగారు అంతకుముందే చూశారు.

"ఇది మామూలు విరేచనాల జబ్బు కాదమ్మా. సన్నపేగు చివర వాచి దారి ఇరుకైపోయింది. ఇలాంటిది ఒకటుందని పైదేశాల డాక్టర్లు ఈమధ్యే రాశారు. మందు మాత్రం ఎవరూ రాయలేదు. తిండే చూసుకోవాలి. గింజ, తొక్క, పీచు తగలకూడదు" అన్నారు.

మందు లేదన్న మాటకి మా అత్త దానమ్మ నెల రోజులు ఏడ్చింది. ఆవిడ పోరు పడలేకే ఉంగుటూరులో ఆయుర్వేదం చేసే వెంకట్రాజుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన మమ్మల్ని అరుగు కిందే నిలబెట్టారు గానీ, కిందికి వంగి చెయ్యి పట్టుకునే నాడి చూశారు. బియ్యపు గింజంత నల్లటి మందు పొట్లాలు కట్టి ఇచ్చారు. నలభై రోజులు ఆ మందు, మజ్జిగ. అంతే. అన్నం లేదు, ఉప్పు లేదు, మంచినీళ్లయినా లేవు.

"నలభై దాటాక పాతబియ్యం జావ, పలచగా. నెల రోజులు అదే. ఆశపడొద్దు" అన్నారు నావైపు చూసి.

"ఆశపడేది నేను కదండీ" అన్నాడు మా ఆయన.

"నువ్వు అడుగుతావయ్యా. పెట్టేది ఆవిడ."

రోజూ పొద్దున్నే కాపుల ఇళ్లకు వెళ్లి వెన్న తీసిన మజ్జిగ తెచ్చేదాన్ని. మొదటి పది రోజులు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పద్దెనిమిదో రోజున నొప్పి రాలేదు. పాతికో రోజుకి పన్నెండుసార్లు రెండయ్యాయి. నోట్లో పుళ్లు మానాయి. ఒకరోజు గడపలో కూర్చుని, "సలోమీ, నన్ను కవ్వం పెట్టి చిలకవే, వెన్న పడతాదేమో" అన్నాడు. మూడేళ్లకి ఆయన నోట వేళాకోళం విని, పొయ్యి దగ్గరికి పోయి ఏడ్చాను.

కానీ మనిషి పుల్లలా అయిపోయాడు. రేవులో ఆడవాళ్లు నాకు వినపడేటట్టే అనుకునేవారు.

"మొగుడికి మజ్జిగ పోసి తను కొర్రమీను పులుసు తింటందంట!"

"తినదా మరి, ఆ వాటా కూడా మిగిలింది కదా!"

ఆ రోజు నుంచి నేనూ గంజే తాగాను. ఎవరు చూడొచ్చారు?

నలభై రోజులూ నిండాయి. జావ మొదలుపెట్టాం. జావ అరిగింది. క్రిస్మస్ ముందురోజు పేటంతా తాటి తేగలు కాలుస్తున్నారు. ఆ వాసనకి ఆయన లేచి కూర్చున్నాడు.

"ఒక్క తేగ పెట్టవే. నలభై రోజులు నీ మాట విన్నాను. ఒక్క పూట నా మాట విను."

"నెల రోజులు జావే అన్నారండీ."

మా అత్త అప్పటికే ఒళ్లో తేగలు వేసుకుని కూర్చుంది. "తేగ కడుపు కట్టేస్తాదే పిచ్చిదానా. మాకు విరేచనాలైతే మా అమ్మ తేగే పెట్టేది. ఆయనెక్కడో ఉంగుటూరు రాజుగారు, మన గట్టు మీద తాడి సంగతి ఆయనకేం తెలుసు?"

"డాక్టరుగారు పీచు వద్దన్నారత్తా."

"పీచు తియ్యి. నీ చేతులకేమొచ్చింది?"

నేను తేగ చీల్చి, గోటితో ఒక్కొక్క పీచూ లాగాను. వెలుగులో పెట్టి చూసి మళ్లీ లాగాను. ఆయన కళ్లు మూసుకుని నమిలాడు. ఇంకోటి అడిగాడు, పెట్టాను. మూడోది ఆయన అడగలేదు. ఆ మొహం చూసి నేనే పెట్టాను.

మూడో రోజుకి కడుపు కుండలా ఉబ్బింది. పచ్చటి వాంతులు. విరేచనం లేదు, గాలి కూడా కదల్లేదు. దోనెలో పడుకోబెట్టి కొల్లేరు దాటించి, అవతల బండి కట్టించుకుని ఏలూరు చేరాం.

ప్రసాదరావుగారు పొట్ట నొక్కి చూసి అడిగారు. "ఏం తిన్నాడు?"

మా అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నేను నోరు తెరిచేలోగా మా ఆయనే అన్నాడు: "జావేనండి. మా ఆవిడ గాలి కూడా వడగట్టి పెడతాదండి."

డాక్టరుగారు నన్ను చూశారు. "నిజమేనా అమ్మా?"

"నిజమేనండి" అన్నాను.

పదిమందిలో మొగుడి మాట కాదనలేకపోయానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. అంత చెప్పినా పెట్టిందని డాక్టరుగారు అనుకుంటారని సిగ్గుపడ్డాను.

"అయితే ఏదీ అడ్డుపడలేదు. పాత వాపే మళ్లీ వచ్చింది. కడుపుకి విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది, రేపటిదాకా చూద్దాం" అన్నారు ఆయన.

మర్నాడు పొద్దున మా ఆయన నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. "చెప్పకు. నిన్ను తిడతారు" అన్నాడు. తర్వాత కళ్లు మూసుకుని, "బాగున్నాయే అవి" అన్నాడు. మధ్యాహ్నానికి కడుపు చెక్కలా బిగిసిపోయింది. డాక్టరుగారు పరుగున వచ్చారు గానీ, ఆపరేషను బల్ల మీదికి ఎక్కించే లోపలే అయిపోయింది.

తర్వాత నేనొక్కదాన్నే వెళ్లి డాక్టరుగారికి అంతా చెప్పాను. మూడు తేగలని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉన్నారు.

"నిన్న చెప్పి ఉంటే నిన్ననే కోసి చూసేవాణ్ణమ్మా. బతికేవాడని చెప్పలేను. బతకడనీ చెప్పలేను."

బయట మా అత్త కొడుకు పాదాల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేవబోయి, లేవలేక, నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"ఏమన్నాడే డాక్టరు? నా తేగలేనా? నా తేగలేనా, చెప్పవే!"

"కాదత్తా. పేగు ముందే చివికిపోయిందంట. తేగలకీ దానికీ సంబంధం లేదంట."

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మింది. పక్కన కూలబడ్డ నన్ను దగ్గరికి లాక్కుని, తల నిమిరింది.

"అయితే నీ తప్పూ లేదులేవే" అంది.