పచ్చ అంకెలు, ఎర్ర అంకెలు

నన్ను చదవాలంటే మీరు కాస్త మెడ ఎత్తాలి. నేను ఒక అంకెల బోర్డును. రెల్లిగెడ్డ ఊరి బయట, మందుల కంపెనీలకు కావలసిన రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీ గేటు పక్కన, రెండు ఇనప స్తంభాల మీద ఏళ్ళ తరబడి నిలబడ్డాను. లోపలి పొగగొట్టంలోంచి ఏ విషవాయువు ఎంత బయటికి పోతున్నదో దారిన పోయేవాళ్ళకు చెప్పడం నా పని. అంకె హద్దులో ఉంటే ఆకుపచ్చగా, హద్దు దాటితే ఎర్రగా వెలుగుతాను. ఇంతకన్నా తేలికైన ఉద్యోగం ఇంకొకటి ఉండదని మొదట్లో అనుకున్నాను. ఆ ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ నాకు పూర్తిగా బోధపడలేదు.

నేను పుట్టింది హైదరాబాదులో, రేకుల కప్పు వేసిన ఒక షెడ్డులో. నాతోపాటు తయారైన బోర్డుల్లో ఒకటి బంగారం కొట్టుకు వెళ్ళింది, ఒకటి బస్టాండుకు వెళ్ళింది. బంగారం ధర ఎంత, బస్సు ఎన్నింటికి అన్నవి ఎవరికైనా అర్థమయ్యే సంగతులు. నన్ను లారీ ఎక్కిస్తుంటే, నేను చెప్పబోయేదీ అలాంటి సంగతేనని నమ్మాను. ఫ్యాక్టరీ మేనేజరు దశరథ పట్నాయక్ గారు నాకు బొట్టు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా మొదటి అంకె ఆకుపచ్చగా వెలిగింది.

నాకు ముక్కు లేదన్న సంగతి మీకు ముందే చెప్పడం మంచిది. పొగను కొలిచే పరికరం ఎక్కడో పైన, గొట్టం మధ్యలో ఉంటుంది. అది కొలిచినది తీగలగుండా లోపలి కంప్యూటరుకు వెళుతుంది. కంప్యూటరు దాన్ని నియమాల ప్రకారం లెక్కకట్టి, తేలినది నాకు పంపుతుంది. నేను దాన్ని చూపిస్తాను. గాలి ఎలా ఉందో నాకు ఎన్నడూ తెలియదు. గాలి గురించి నాకేం చెప్పారో అదే తెలుసు.

గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల సన్యాసమ్మ టిఫిన్ బడ్డీ ఉండేది. ఉదయం షిఫ్టు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు అక్కడే ఇడ్లీ తినేవారు. బడ్డీ వెనక, తాటాకు పందిరి కింద నులక మంచం మీద ఆమె భర్త గౌరినాయుడు పడుకునేవాడు. వయసులో ఉండగా అతను జూట్ మిల్లులో పనిచేశాడు. గోనె నార దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడయ్యాయని, చల్లటి మంచి గాలి తగిలేలా చూసుకోమని డాక్టరు చెప్పాడట. అందుకని సన్యాసమ్మ నన్ను బాగా వాడుకునేది. పొద్దున్నే రోడ్డు మీదికి వచ్చి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నావైపు చూసేది. పచ్చగా ఉంటే మంచం పందిరి కిందికి లాగేది. నేను ఎప్పుడూ పచ్చగానే ఉండేవాణ్ణి కాబట్టి మంచం ఎప్పుడూ పందిరి కిందే ఉండేది.

కొన్ని రోజుల్లో గౌరినాయుడు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి కూర్చునేవాడు. గొంతు మండుతోందనేవాడు. కుళ్ళిన గుడ్డు వాసన అనేవాడు, ఒక్కోసారి పుల్లటి వాసన అనేవాడు. బడ్డీ దగ్గర తింటున్నవాళ్ళు కూడా దగ్గేవారు. సన్యాసమ్మ వెంటనే నావైపు తిరిగేది.

"పచ్చగానే ఉన్నాది కదా. నీకు మిల్లు దుమ్ము ఇంకా వొదల్లేదు. ఊరికే భయపడకు" అనేది.

అతను నన్ను చూసేవాడు. నా పచ్చ వెలుతురు అతని కళ్ళలో కనిపించేది. తర్వాత మళ్ళీ పడుకునేవాడు. ఆ మనిషి దగ్గుకు, నా అంకెకు మధ్య ఎక్కడో ఏదో కలవడంలేదని నాకు తోచేది. కానీ రెంటిలో ఏది సరైనదో తేల్చుకునే దారి నాకు లేదు.

ఆ దారి నాకు కొంత చూపించింది హైమావతి. ఆమె ఫ్యాక్టరీలో పర్యావరణ ఇంజనీరుగా కొత్తగా చేరింది. పార్వతీపురం అమ్మాయి. సన్యాసమ్మ దగ్గరే టిఫిన్ తినేది, పిన్నీ అని పిలిచేది. చేరిన కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆమె, పట్నాయక్ గారు సరిగ్గా నా కిందే నిలబడి మాట్లాడుకున్నారు. ప్లాంటు ఆపినప్పుడు, మళ్ళీ నడపడం మొదలుపెట్టినప్పుడు గొట్టంలోంచి శుద్ధికాని పచ్చి పొగ వస్తుంది కదా, అది బోర్డు మీదికి ఎందుకు రావడంలేదని ఆమె అడిగింది. ఆయన ఓపికగానే చెప్పారు. ఆపే సమయం, మొదలుపెట్టే సమయం లెక్కలో వేయనక్కర్లేదని నియమాల్లోనే ఉందట. మిగిలిన సమయమంతా కలిపి రోజు మొత్తానికి సగటు కడతారట. ఆ సగటు హద్దులో ఉంటే ఆకుపచ్చ.

"వాళ్ళు పీలుస్తున్నది సగటు కాదు కదండీ" అంది హైమావతి.

"మనం రాసిన నియమం కాదమ్మా అది. అన్ని ఫ్యాక్టరీలూ ఇలాగే చూపిస్తున్నాయి. మనమొక్కళ్ళం అన్నీ కలిపి చూపిస్తే, జిల్లాలో మనమే దుర్మార్గులుగా కనపడతాం" అన్నారాయన.

పట్నాయక్ గారు అబద్ధాలకోరు కాదు. ఒక్క అంకె కూడా మార్చమని ఆయన ఎవరికీ చెప్పలేదు. అదే నాకు ఎక్కువ గందరగోళంగా ఉండేది. కంప్యూటరు తప్పు లెక్క కట్టడంలేదు, ఆయన తప్పు పని చేయడంలేదు, నేను తప్పు చూపడంలేదు. అయినా పందిరి కింద మనిషి దగ్గుతూనే ఉన్నాడు.

తర్వాత నియమాలు మారాయి. ఇకనుంచి రోజు సగటు చాలదు, గంట గంటకూ చూపించాలి. ప్లాంటు ఆపినా, మొదలుపెట్టినా, మరమ్మతు చేసినా, బయటికి పోయే ప్రతిదీ లెక్కలోకి రావాలి. ఇంతకుముందు ఎవరూ అడగని ఇంకో వాయువుకు కూడా ఒక వరస కేటాయించాలి. ఎవరో కుర్రాళ్ళు వచ్చి నా వెనక తలుపు తెరిచి, కొత్త వరస బిగించి, కంప్యూటరులో లెక్క మార్చి వెళ్ళారు. ఆ వారమే మరమ్మతు కోసం ఆపిన ప్లాంటును మళ్ళీ నడపడం మొదలుపెట్టారు. నేను మొదటిసారి ఎర్రబడ్డాను.

ఎర్రబడటం ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. పైనుంచి కింది వరకు వరసలన్నీ ఎర్రగా మండాయి. ఇడ్లీ తింటున్నవాళ్ళు పొట్లాలు అక్కడే వదిలేసి లేచారు. ఎవరో గ్యాస్ లీకయిందన్నారు. ఆ మాట క్షణాల్లో ఊళ్ళోకి పాకింది. బడి మూసేశారు. ఆటోల్లో ముసలివాళ్ళను ఎక్కించుకుని చుట్టాల ఊళ్ళకు పరుగెత్తారు. సన్యాసమ్మ పొయ్యి ఆర్పేసి, మంచం ఒక్కతే ఈడ్చుకుంటూ మొగుణ్ణి బడ్డీ వెనకున్న గదిలోకి చేర్చి, తలుపు సందుల్లో తడి గుడ్డలు కుక్కింది. విచిత్రమేమిటంటే, ఆ ఉదయం సముద్రం వైపు నుంచి బలంగా గాలి వీస్తూ, పొగను ఊరికి అవతలివైపు తోసేస్తోంది. గౌరినాయుడు లోపలినుంచి, ఇవాళ తనకేమీ మంటగా లేదని మొత్తుకుంటూనే ఉన్నాడట. ఆమె వినలేదు. బయట బోర్డు ఎర్రగా ఉంది మరి.

మధ్యాహ్నానికి జనం గేటు ముందు గుమిగూడారు. ఒక రాయి వచ్చి నా మూల తగిలింది. దాంతో ఒక అంకెలో కుడివైపు పైగీత ఆరిపోయి, ఎనిమిది వచ్చినప్పుడల్లా ఆరులా కనపడటం మొదలైంది. అంత గొడవలోనూ ఆ తప్పుడు ఆరును చూసి కాస్త తగ్గిందని ఊపిరి పీల్చుకున్నవాళ్ళు ఉన్నారు.

పట్నాయక్ గారు హైమావతిని పక్కకు పిలిచి, జనానికి ఏం చెప్పాలో చెప్పారు. ఊరివాళ్ళకు ఆమె అంటే నమ్మకం కాబట్టి ఆమే చెప్పాలన్నారు. ఆయన చెప్పమన్నది నిజమే. ఆమె గేటు దగ్గరి సిమెంటు దిమ్మె ఎక్కి నిలబడింది. గ్యాస్ ఏదీ లీకవలేదని చెప్పింది. ప్రభుత్వం నియమాలు మార్చిందని, ఇదివరకు లెక్కపెట్టనివి ఇప్పుడు లెక్కపెడుతున్నారని, అందుకే రంగు మారిందని నెమ్మదిగా విడమరిచి చెప్పింది.

"పొగ పెరగలేదు. లెక్క మారింది, అంతే" అంది.

జనంలో బిగువు సడలింది. ఒకరిద్దరు నవ్వారు కూడా. ఇంత చిన్నదానికా ఇంత హడావిడి అని గొణుక్కుంటూ కొందరు వెనక్కి తిరిగారు. పట్నాయక్ గారు రుమాలుతో మొహం తుడుచుకున్నారు. నాకూ తేలిక అనిపించింది. ఎర్రగా వెలుగుతున్నా పరవాలేదన్నమాట అనుకున్నాను.

సన్యాసమ్మ మాత్రం కదల్లేదు. ఆమె చేతులకు ఇంకా పిండి అంటుకునే ఉంది. ఆ మాటను మనసులో ఇటూ అటూ తిప్పి చూసుకుంటున్నట్టు చాలాసేపు హైమావతి మొహంలోకే చూసింది.

"పొగ అంతే ఉన్నాదంటున్నావు కదా పాపా. అయితే బోర్డు పచ్చగా ఉన్నప్పుడు కూడా ఇంతే వొచ్చీదా?"

వెనక్కి తిరిగినవాళ్ళు ఆగారు. పట్నాయక్ గారు హైమావతి వైపు చూశారు. ఆయన చూపులో బెదిరింపు లేదు, వేడుకోలు ఉంది. ఆమె ఒకసారి నావైపు తలెత్తి చూసింది. నేను ఆమెకు చేయగల సాయం ఏమీ లేదు.

"ఇంతే వచ్చేది పిన్నీ" అంది. "కొన్నిసార్లు ఇంకా ఎక్కువే వచ్చేది. అది కలపనక్కర్లేదని అప్పటి నియమం. అందుకే పచ్చగా ఉండేది."

ఎవరూ అరవలేదు. ఎవరూ రాయి విసరలేదు. సన్యాసమ్మ రోడ్డు దాటి, బడ్డీ వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, తాను కుక్కిన తడి గుడ్డలు ఒక్కొక్కటే లాగేసింది. తలుపు తెరిచి ఉంది కాబట్టి మంచం అంచున ఆమె కూర్చోవడం నాకు కనిపించింది.

"మంటగా ఉన్నాదని నువ్వు సెప్పినప్పుడల్లా నేను నమ్మనేదు" అంది.

గౌరినాయుడు దగ్గు ఆపుకుని, "బోర్డు సూసి కదా సెప్పినావు. నువ్వేటి సేస్తావు" అన్నాడు.

ఆమె ఏడ్చిందేమో, నాకు వీపు మాత్రమే కనిపించింది.

తర్వాత జరిగినవి త్వరగా జరిగాయి. రంగు అందరికీ కనపడేసరికి ఫ్యాక్టరీ యాజమాన్యం కదలక తప్పలేదు. మొదలుపెట్టే సమయంలో వచ్చే పచ్చి పొగను నీళ్ళతో కడిగే గోపురంలాంటి ట్యాంకులోకి ముందే మళ్ళించేలా ఒక కొత్త గొట్టం వేశారు. ఇన్నేళ్ళు ఎందుకు వేయలేదని ఎవరో అడిగితే, అవసరం కనపడలేదని పట్నాయక్ గారు అన్నారు. అది కూడా నిజమే. హైమావతిని ఉద్యోగంలోంచి తీసేయలేదు కానీ, గేటు దగ్గర జనంతో మాట్లాడే పని మాత్రం ఆమెకు మళ్ళీ ఎన్నడూ ఇవ్వలేదు. నా ఆరిపోయిన గీతను బాగుచేయించింది ఆమే.

గౌరినాయుడిని విశాఖపట్నంలో ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎంత పాడైంది జూట్ మిల్లు దుమ్ము వల్ల, ఎంత పాడైంది ఈ పొగ వల్ల అని సన్యాసమ్మ డాక్టర్లను పట్టుకుని అడిగిందట. విడదీసి చెప్పడం కుదరదన్నారట. అతను పీల్చే మందుతో తిరిగి వచ్చాడు. కొన్నాళ్ళకు ఆమె బడ్డీని హైవే పక్కకు మార్చుకుంది. సామాను ఎక్కించిన రోజు నావైపు చూస్తుందేమోనని ఎదురుచూశాను. ఆమె మొగుడి భుజం పట్టుకుని ఆటో ఎక్కించే పనిలో ఉండి, చూడలేదు.

నేను మళ్ళీ పచ్చబడ్డాను. ఈసారి గాలి నిజంగానే మునుపటికన్నా మెరుగయ్యింది, ఆ సంగతి హైమావతి చెప్పగా విన్నాను. కానీ అందరూ నన్ను నమ్మడం మానేశారు. పచ్చగా ఉంటే, ఇంకా ఏది కలపలేదో అనేవారు. గాలి పాడై ఉన్న రోజుల్లో నన్ను నమ్మి పందిరి కింద పడుకున్నారు, బాగుపడ్డాక అనుమానించి ముక్కు మూసుకున్నారు. మనుషులు తప్పని నేను అనలేను. వాళ్ళ స్థానంలో ఉంటే నేనేం చేసేవాణ్ణో కూడా నాకు తెలియదు.

నియమాలు ఇంకోసారి మారాయి. అంకెలు ఇక నేరుగా జనం ఫోన్లకు వెళ్ళాలట. నా స్తంభాలు కోసి, నన్ను కిందికి దింపారు. కొన్నాళ్ళు స్టోరు రూములో గోడకు చేరబడ్డాక, పాత సామాను కొనేవాడి ట్రక్కు ఎక్కాను.

ఇప్పుడు గాజువాక అవతల ఒక పాత ఇనప సామాన్ల దొడ్డిలో ఉన్నాను. పోయిన వారం ఇద్దరు పనివాళ్ళు నా వెనక తలుపు పెకలించి, లోపలి తీగలన్నీ లాగి, రాగి కోసం దొడ్డి మధ్యలో కుప్పపోసి నిప్పంటించారు. చిక్కటి నల్లటి పొగ లేచింది. పక్కన సీసాలు ఏరుతున్న ఒకామె పైట నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గుకుంటూ పొగ రాని వైపుకు జరిగి కూర్చుంది. నాలోంచి పొగ రావడం అదే మొదటిసారి. అలవాటు కొద్దీ అంకె ఏదో వస్తుందని ఎదురుచూశాను. ఏ అంకే రాలేదు. చూపించడానికి నా దగ్గర తీగా లేదు, అడగడానికి అక్కడ ఎవరూ లేరు. ఆమె మాత్రం చాలాసేపు దగ్గుతూనే ఉంది.