తప్పిన సూదులు

ట్యూటర్ మేడమ్ కంప్యూటర్ తెరను చీమ వైపు తిప్పింది. నలభై మూడు వరసలు పచ్చగా ఉన్నాయి, ఒక్కటి ఎర్రగా. ఎర్రది తనదే.

పొట్టిగా ఉండి, వార్డులో ఎప్పుడూ ఏదో ఒకటి మోస్తూ తిరుగుతుందని క్లాసువాళ్ళు పెట్టిన పేరు చీమ. నర్సింగు కాలేజీలో మూడో ఏడు. రాతపరీక్షల్లో రెండో ర్యాంకు.

"సెలైన్ సూది పెట్టడంలో అరవై ఒక్క శాతం. డెబ్బై అయిదు లేకపోతే ఆఖరి సంవత్సరంలోకి ఎక్కనివ్వరు. ఏంటమ్మా ఇది?"

"ఇరవై కావాలన్నారు మేడమ్. ఇరవై పెట్టాను."

"పెట్టావు. పదమూడు తప్పావు కూడా."

"అందరూ తప్పుతారు మేడమ్."

"తప్పుతారు. నీలా రాసుకోరు."

రికార్డు పుస్తకాలు పంచిన రోజున, చేసిన ప్రతిదీ రాయమన్నది ఈ మేడమే. చీమ రాసింది. నరం దొరకనిదీ, దొరికి జారిపోయిందీ, రోగి చెయ్యి లాక్కున్నదీ. మిగతావాళ్ళు కుదిరినవి మాత్రమే రాసి వార్డు సిస్టర్ చేత సంతకం పెట్టించుకున్నారు.

మేడమ్ సొరుగులోంచి కొత్త పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. గొంతు తగ్గించింది.

"నాలుగింటికి మార్కులు పైకి పంపాలి. ఈలోగా శుభ్రంగా ఎత్తి రాసుకురా. సిస్టర్‌కి నేను చెబుతాను. లేదంటే ఆర్నెల్లు వెనకబడిపోతావు తల్లీ."

ఆ మాటలో నిజంగానే జాలి ఉంది. దాంతో చీమకి ఇంకా మండింది. తిట్టినా బాగుండేది.

హాస్టల్ గదిలో ఉండే రెండో అమ్మాయిని అందరూ అత్తగారంటారు, అందరి మీదా పెత్తనం చేస్తుందని. సంగతి విని పెన్ను మూత తీసి చీమ చేతిలో పెట్టింది.

"రాయి. ఇరవై లైన్లు. గంట పని."

"నువ్వెన్ని తప్పావే?"

"అవన్నీ రాస్తే పేజీలు చాలక అట్ట మీద కూడా రాయాలి."

"మరి నీకు నూటికి నూరు!"

"నోరు మూసుకుని రాస్తే నీకూ వస్తాయి. నీ నిజాయితీ తగలెయ్య, జూనియర్ల పక్కన కూర్చుంటావా?"

చీమ రాసింది. ఎనిమిది దాకా చకచకా సాగింది. పాత పుస్తకంలో తొమ్మిదోదాని ముందు మూడు తప్పులున్నాయి, మూడూ ఒకే మనిషి మీద. టైలరు పని చేసే పెద్దాయన. కుడిచెయ్యి నల్లగా కమిలిపోయింది. చీమ సూది పక్కన పెట్టేస్తే ఆయనే సర్దిచెప్పాడు. "సూదిలోకి దారం ఎక్కించడం నాకూ ఒక్కరోజులో రాలేదమ్మా. ఇంకో చెయ్యి ఉందిగా." ఆ ఎడమచెయ్యే తొమ్మిదోది. కొత్త పుస్తకంలో మాత్రం ఆయనకి మొదటి పోటుకే నరం దొరికేసి ఉండాలి.

పెన్ను ఆగిపోయింది.

"మళ్ళీ ఏమైందే?"

"ఆయన కమిలిన చెయ్యి ఎక్కడ పెట్టను?"

"నా నెత్తిన పెట్టు!" అత్తగారు మంచం మీద వెనక్కి వాలిపోయింది.

నాలుగింటికి పది నిమిషాలుందనగా చీమ రెండు పుస్తకాలూ తీసుకెళ్ళి మేడమ్ ముందు పెట్టింది. మేడమ్ కొత్తది తెరిచింది. ఎనిమిది లైన్లు.

"మిగతావి?"

"పాతదాంట్లో ఉన్నాయి మేడమ్."

"మొండిఘటానివి. నీ ఒక్కదాని కోసం పద్ధతి మారుతుందనుకుంటున్నావా?"

"మారదని తెలుసు." చీమ పాత పుస్తకం ముందుకు జరిపింది. "అయితే తప్పినవి కూడా రాయమని ఎందుకు చెప్పారు మేడమ్?"

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మీట నొక్కింది. వరస ఎర్రగానే పైకి వెళ్ళిపోయింది. ఆర్నెల్లు మళ్ళీ చదవడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం ప్రింటరు లోంచి బయటికొచ్చింది.

చీమ పెన్ను తీసుకుంది. కోపం మేడమ్ మీదో, క్లాసువాళ్ళ మీదో, తన మీదో తెలియలేదు. ఎంత గట్టిగా నొక్కి సంతకం పెట్టిందంటే కాగితం చిరిగిపోయింది.

మేడమ్ ఇంకో కాగితం ప్రింటు తీసి, ఆమె ముందు పెట్టి, చేత్తో సాపు చేసింది.