ఒకే నిట్రాడుకు ఇద్దరు ఇలవేల్పులు

ఆయ్‌సోన్‌కు అన్నిటికన్నా పెద్ద భయం, ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమోనని. జబ్బుల భయం, పోలీసుల భయం, ఫ్యాక్టరీలో పని పోతుందన్న భయం, ఇవన్నీ దాని తర్వాతే. ఇంటివాళ్ళ గొంతు కాస్త గట్టిగా వినబడితే చాలు, ఆమె చూపు సామాన్ల మీదికి పోయేది. ఏది ముందు మూట కట్టాలి, ఏది వదిలెయ్యాలి అని లోపల లెక్కలు మొదలయ్యేవి.

ఊరికే భయపడే మనిషి అనడానికి లేదు. సరిహద్దు కనుమ దాటి థాయ్‌లాండ్ వచ్చి అయిదు నెలలైతే, చేపల రేవు ఊరు మహాచాయ్‌లో అప్పటికే మూడు గదులు మారారు. మొదటిది భర్త ఓంగ్‌మాన్ పనిచేసే చేపల ఫ్యాక్టరీవాళ్ళది. పిల్లలున్నవాళ్ళకు కుదరదన్నారు. రెండోదాన్ని పడగొట్టి కొత్తగా కడతామన్నారు. మూడోచోట ఇంటాయన కొడుక్కి పెళ్ళి కుదిరి గది వాళ్ళకే కావాల్సి వచ్చింది. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. కానీ కూతురు పకావ్‌కు ఆరేళ్ళు నిండాయి. బడిలో చేర్చుకోవడానికి, ఫలానా ఇంట్లో ఉంటున్నారని ఇంటివాళ్ళ సంతకంతో ఒక కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం చేతికి వచ్చేలోపే ప్రతిసారీ ఇల్లు మారిపోయేది.

ఆయ్‌సోన్ చదువు నాలుగో తరగతిలో ఆగిపోయింది. సైన్యానికి భయపడి ఊరంతా లేచి అడవి అవతలికి పోవాల్సి వచ్చిన ఏడాది బడి మూసేశారు. మళ్ళీ తెరిచేసరికి ఆమె రబ్బరు తోటలో పాలు పట్టే పనిలో ఉంది. అందుకే ఖాళీ చెయ్యమన్న మాట వినబడినప్పుడల్లా ఆమెకు కనబడేది గది కాదు, తోటలో చిప్పలు మోస్తున్న పకావ్.

నాలుగో ఇల్లు కాలువ గట్టున, పయోమ్ అవ్వది. ఎత్తైన స్తంభాల మీద నిలబెట్టిన పాత టేకు ఇల్లు. పైన అవ్వ ఒక్కతే ఉంటుంది. కింద స్తంభాల మధ్య ఎప్పుడో ఇటుక గోడలు లేపి చేసిన గదిలో వీళ్ళు దిగారు. అవ్వ కూడా వీళ్ళలాగే కనుమ అవతలి మోన్ జాతి మనిషే. ఆమెవాళ్ళు వచ్చి ఏడెనిమిది తరాలైంది, వీళ్ళు వచ్చి అయిదు నెలలైంది, అంతే తేడా. అవ్వ మాటల్లో సగం థాయ్. తక్కిన సగం, ఆయ్‌సోన్ తన నాయనమ్మ పోయాక మళ్ళీ ఎక్కడా వినని పాత మోన్ మాటలు. దిగిన రోజే గోంగూర, బెండకాయలు వేసిన పులుసు గిన్నెతో తెచ్చిపెట్టింది. ఉప్పు ఎక్కువైతే అది మీ నాలుక తప్పనీ, తన చేతి తప్పు కాదనీ ముందే చెప్పి మరీ వెళ్ళింది. బడి కాగితం సంగతి అడిగితే, ఈ సోమవారం కాదు, పై సోమవారం గుడి పని అయ్యాక తీరిగ్గా సంతకం పెడతానంది.

ఆ పై సోమవారం దాకా ఎవరి నోటా ఏ మాటా రాకుండా గడవాలి. ఆయ్‌సోన్ దణ్ణం పెట్టుకున్నదల్లా అదే.

గడవడానికి అడ్డం ఒకటుంది. బుట్ట.

మామగారు పోయాక ఇంటి ఇలవేల్పు పెద్దకొడుకైన ఓంగ్‌మాన్‌కు వచ్చింది. ఇలవేల్పంటే మోన్‌వాళ్ళకు విగ్రహం ఉండదు. ఎర్రబట్ట, తెల్లబట్ట, ఒక తలపాగా, ఒక ఉంగరం, ఇవి పెట్టిన మూత బుట్ట. ఒక్కో కులానికి ఒక్కో జంతువు ఇలవేల్పు. పెద్దకొడుకు ఎక్కడుంటే అక్కడ, ఆ ఇంటి నిట్రాడుకు దాన్ని వేలాడదీయాలి. ఓంగ్‌మాన్ ముందే వచ్చి ఫ్యాక్టరీలో చేరాడు కాబట్టి, ఒక చేత్తో పకావ్‌ను పట్టుకుని, ఇంకో చేత్తో బుట్టను పొట్టకు అదుముకుని కనుమ దాటింది ఆయ్‌సోనే. మూడు గదుల్లోనూ సిమెంటు గోడకు మేకు కొట్టి తగిలించారు. అది నిట్రాడు కాదని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు.

అవ్వగారి గదిలో మాత్రం తూర్పు మూల నిజమైన కర్ర స్తంభం ఉంది, మనిషి చేతులు చాచి పట్టుకుంటే గాని అందనంత లావు. దాన్ని చూడగానే ఆయ్‌సోన్‌కు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఒక కప్పు కింద ఒక ఇలవేల్పే ఉండాలి. పై అంతస్తులో అవ్వవాళ్ళది ఉండే ఉంటుంది. అడిగితే వద్దంటుంది, వద్దంటే బుట్ట ఎక్కడ పెట్టాలి, బుట్ట వెళ్ళేచోటికి మనుషులూ వెళ్ళాలి కదా. ముందు తగిలిద్దాం, సంతకం అయ్యాక చెబుదాం అంది భర్తతో. ఓంగ్‌మాన్ తల గోక్కున్నాడు గాని కాదనలేదు. స్తంభానికి పాత మేకు ఒకటి ఉంటే దానికే తగిలించి, కనబడకుండా పైనుంచి లుంగీ ఆరేసింది. అప్పటికి సరిపోయింది గాని, ఎండాకాలంలో ఒకే లుంగీ ఎన్ని రోజులు ఆరుతుందో ఆమె ఆలోచించలేదు.

తొమ్మిదో రోజు అవ్వ మెట్ల మీద పడింది.

శబ్దం విని ఆయ్‌సోన్ పరుగెత్తింది. ఎదురింటి సంఫావ్ కూడా వచ్చింది. ఇద్దరూ కలిసి అవ్వను నీడలో కూర్చోబెట్టారు. మడమ దగ్గర వాచి, పచ్చి వెలక్కాయంత అయింది. అంతకు రెండు రోజుల ముందు నుంచీ తల తిరుగుతోందట కూడా. సంఫావ్ ఊరుకునే మనిషి కాదు. ఇలవేల్పుకు కోపం వచ్చిందనీ, ఇంట్లోకి రాకూడనిదేదో వచ్చిందనీ, కొత్తవాళ్ళున్న ఇల్లు కదా ఒకసారి చూసుకోమనీ, ఆయ్‌సోన్ ముందే, ఆమె లేనట్టుగా చెప్పింది. మోన్ ఇళ్ళలో ఇలవేల్పుకు బొమ్మలు గిట్టవు. ఆడపిల్ల ఉన్న ఇంట్లో మొదటి అనుమానం బొమ్మ మీదే.

మర్నాడు పొద్దున్నే అవ్వ కర్ర పట్టుకుని కుంటుకుంటూ కిందికి వచ్చింది. గుమ్మంలో నిలబడి నేరుగా పకావ్‌నే అడిగింది.

"ఏమే చిన్నమ్మా, నీ దగ్గర బొమ్మ ఉందా?"

"లేదవ్వా. అమ్మ నాకు బొమ్మ కొననే కొనదు," అంది పకావ్, ఫిర్యాదు చేసే అవకాశం దొరికినందుకు సంబరంగా.

"మంచి అమ్మ. దాచలేదు కదా?"

"దాచడానికి ఉండాలి కదా."

అవ్వ నవ్వింది. అయినా గది చుట్టూ చూసింది. పరుపు, గిన్నెలు, పళ్ళెం, ఫ్యాను. చూపు లుంగీ మీదుగా వెళ్ళి మళ్ళీ పకావ్ మీదికి వచ్చింది. అలాగైతే ఇక్కడ ఏమీ లేదు, సంఫావ్‌కు పని లేదు అని తనలో తను అనుకుంటూ వెనక్కి తిరిగింది. ఆ తిరగడంలో వాచిన కాలు నేలకు ఆనింది, పళ్ళు బిగించి గుమ్మం పట్టుకుంది.

ఆయ్‌సోన్ నోరు మూసుకుని ఉంటే అయిపోయేది. సోమవారానికి ఇంకా నాలుగు రోజులే. కానీ పులుసు గిన్నె మోసిన కాళ్ళవి. ఆ పెద్దావిడ రేపు మళ్ళీ పడితే? ఎల్లుండి లేవలేకపోతే? అలా తెచ్చుకున్న సంతకంతో పకావ్‌ను బడికి ఎలా పంపుతుంది? భయం ఎటూ వదలదు, అవ్వకు ఏమవుతుందోనన్న భయం కన్నా ఇల్లు పోతుందన్న భయమే నయమనిపించింది.

"అవ్వా," అంది. "బొమ్మ కాదు. ఇది."

లుంగీ తీసింది.

అవ్వ బుట్టను చూసింది. మెల్లగా తల పైకెత్తి, స్తంభం వెంబడే చూపు పోనిచ్చి, అది చెక్క పైకప్పులోంచి పై ఇంట్లోకి వెళ్ళేచోట ఆపింది. అప్పుడు ఆయ్‌సోన్‌కు అర్థమైంది. ఆ స్తంభం కింద ఆగదు. అదే స్తంభం పైన అవ్వ పడకగదిలోకి వెళ్తుంది. అదే ఆ ఇంటి నిట్రాడు. పైన అవ్వవాళ్ళ బుట్ట, కింద తమ బుట్ట, ఒకే కర్రకు. ఒక కప్పు కిందే కూడదంటే, ఒక కర్రకే వేలాడదీసింది తను.

ఆయ్‌సోన్ ఏడవలేదు. పకావ్ బట్టలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది, చేతులకు అలవాటైన పని కాబట్టి.

"మీ ఇలవేల్పు ఏ కులం?" అంది అవ్వ.

"తాబేలు, అవ్వా."

"తాబేలా." అవ్వ కర్ర గోడకు ఆనించి గడప మీద కూర్చుంది. "అందుకేనా నీ నోరు తెరుచుకోవడానికి పదిరోజులు పట్టింది."

ఆయ్‌సోన్ మడత ఆపలేదు. అవ్వ చెయ్యి చాపి ఆ చిన్న గౌను లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఎక్కడికే ఇది? ఎక్కడికి పోతావు దీన్ని కట్టుకుని?"

"మీ కాలు... నా వల్లే కదవ్వా."

"నా కాలు మీ తాబేలు విరగ్గొట్టలేదు. మా మేనల్లుడు విరగ్గొట్టాడు. నాలుగో మెట్టు ఊగుతోందిరా అంటే మూడేళ్ళ నుంచి రేపే రేపే అంటున్నాడు. తల తిరగడం అంటావా, నా కళ్ళ మీద పొరలు వచ్చాయి, డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మా ఇలవేల్పు కోడి. కోడికి తాబేలు మీద కోపం ఎందుకు? గింజలు కూడా పంచుకోవు అవి." గొంతు తగ్గించింది. "కానీ ఒకే కర్ర మీద మాత్రం కుదరదమ్మా. అది పద్ధతి కాదు. వాళ్ళకూ ఇబ్బంది, నాకూ నిద్ర పట్టదు."

అంతే, వచ్చేసింది అనుకుంది ఆయ్‌సోన్. అయిదు నెలల్లో నాలుగోసారి.

అవ్వ మాత్రం చెప్పుకుపోతోంది. తన తాతల తాత కూడా అదే కనుమ దాటి, ఇలాంటి బుట్టే నెత్తిన పెట్టుకుని వచ్చాడట. ఎవరో ఒకరు పశువుల కొట్టంలో ఇంత చోటిచ్చారట. ఆ చోటు ఇచ్చిన మనిషి పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, తనకు చిన్నప్పటి నుంచీ అదొక్కటే సిగ్గుగా ఉండేదట. ఇవాళ ఈ ఇల్లుంది, ఇంటిదాన్నని నీ మీద గొంతు లేపే హక్కుంది, అదంతా ఆ కొట్టం పుణ్యమే కదా అంది.

తర్వాత కర్రతో పెరటివైపు చూపించింది. అక్కడ పాత పడవ షెడ్డు. పడవ ఎప్పుడో పోయింది, పెంకుల కప్పు మాత్రం బాగుంది.

"అది వేరే కప్పు," అంది అవ్వ. "ఇంటికి తగలదు, నేను చిన్నప్పుడు కొలిచాను. దానికి ఒక కర్ర పాతుకోండి. మీ నిట్రాడు అదే. నిద్ర ఈ గదిలో పోతారు, మీ ఇల్లు అక్కడుంటుంది. ఇప్పుడా కాగితం పట్రా."

"సోమవారం అన్నారు కదవ్వా?"

"సోమవారం దాకా నువ్వు బతికుండేలా లేవు. పట్రా."

పెన్ను కోసం పకావ్ పెట్టెలో వెతికి ఎర్ర స్కెచ్ పెన్ను తెచ్చింది. అవ్వ దానితోనే సంతకం పెట్టింది, వంకరగా, పేరులో ఒక అక్షరం మింగేసి. బడిలో ఏమంటారోనని ఆయ్‌సోన్ మళ్ళీ కొత్తగా భయపడింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఆదివారం ఓంగ్‌మాన్ ముందు ఆ నాలుగో మెట్టు బాగుచేశాడు. తర్వాత తనతో పనిచేసే ఇద్దరిని తీసుకొచ్చి, నల్లటి గట్టి కర్ర ఒకటి షెడ్డులో పాతాడు. ఆయ్‌సోన్ అన్నం, చేప, కొబ్బరి, అరటిపళ్ళు సిద్ధం చేసింది. ముందు అవ్వవాళ్ళ ఇలవేల్పుకు ఒక పళ్ళెం పెట్టాలని అవ్వ పట్టుబట్టింది. కుంటుకుంటూ పైకెక్కి, నిట్రాడు దగ్గర మోకరిల్లి, ఆయ్‌సోన్‌కు అర్థమయ్యే పాత మోన్‌లో చెప్పింది: వీళ్ళు దూరం నుంచి వచ్చారు, పెరట్లో ఉంటారు, అద్దెకున్నవాళ్ళని చూడకండి, పక్కింటివాళ్ళనుకోండి అని. అప్పుడే షెడ్డులో బుట్ట తగిలించారు. ఓంగ్‌మాన్ మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళ నాన్న పోయిన రోజు కూడా అతను ఫ్యాక్టరీలోనే ఉన్నాడు, వెళ్ళలేకపోయాడు. ఇన్నాళ్ళకు కొడుకుగా చేయాల్సినది చేశాడు.

ఎదురింటి సంఫావ్ ప్రసాదం తిని, ఈ సంగతి తనకు మొదటే తెలుసంది.

ఆ వారమే పకావ్ బడికి వెళ్ళింది. రెండో వారానికి థాయ్ అక్షరాలు ఇంటికి తెచ్చింది. ఆయ్‌సోన్ కూతురి పక్కనే కూర్చుని అవే దిద్దుతుంది. గుండ్రాలు కుదరవు, పకావ్ నవ్వుతుంది. గోడకు మేకులు కొట్టింది ఈ మధ్య, గిన్నెలకు, బట్టలకు, అద్దానికి. ఇదివరకు ఏ గదిలోనూ రెండో మేకు కొట్టలేదు. థాంక్స్ లాంటి మాట అవ్వతో ఎప్పుడు అనబోయినా, అవ్వ కూరలో ఉప్పు గురించి మాట్లాడి తప్పించుకునేది. ఎవరో పేరు తెలియని మనిషి అప్పు తీర్చుకున్నానులే అంది ఒకసారి, అదీ వెళ్ళేరోజు.

అవ్వ కళ్ళ ఆపరేషన్‌కని పక్క జిల్లాలో, ఫోథారాంలో ఉన్న చెల్లెలి కూతురింటికి వెళ్ళింది. ఇంటి తాళాలు ఆయ్‌సోన్‌కే ఇచ్చింది. చేరాక ఒకసారి ఫోన్ చేసింది, ఆపరేషన్ రేపనీ, ఇక్కడి కూరల్లో ఉప్పు అసలు లేదనీ. ఆ తర్వాత మూడు వారాలైంది. ఫోన్ మోగుతుంది, ఎవరూ ఎత్తరు. ఆయ్‌సోన్, ఓంగ్‌మాన్‌ల వలస కూలీ కార్డులతో జిల్లా దాటాలంటే అనుమతి కావాలి. అది ఇంకా రాలేదు. రోజూ పొద్దున అవ్వవాళ్ళ నిట్రాడు దగ్గర నీళ్ళ గ్లాసు మార్చి, కిందికి దిగి, మళ్ళీ ఫోన్ చేస్తుంది ఆయ్‌సోన్.

మీలో ఎవరైనా అటు వెళ్ళే పని ఉంటే, ఫోథారాంలో నది ఒడ్డు గుడి వెనక, చేపలు ఎండబెట్టే వాళ్ళింట్లో పయోమ్ అవ్వ అని అడగండి. పొట్టిగా, గట్టిగొంతుతో ఉంటుంది. కన్ను ఎలా ఉందో, తల తిరగడం తగ్గిందో, పక్కన మనిషి ఉన్నారో లేదో, దయచేసి ఒక్కసారి చూసి రండి.