రమేశ్ సార్ ఇంగ్లీషు ఆపించిన రోజు

కోరుట్ల అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రమేశ్ సార్ అని ఒకాయన ఉన్నాడు. కంప్యూటర్లు చెబుతాడు. నన్ను ముంచింది ఆయనే. కాలేజీల మీద లోకానికంతా ఉన్న ఫిర్యాదు ఒకటే, పిల్లలకు ఇంగ్లీషు సరిగా నేర్పరని. నా ఫిర్యాదు వేరే. ఆ సార్ ఆ రోజు నడుమ ఇంగ్లీషు ఆపించకపోయి ఉంటే జలపతి భూమి ఈపాటికి నాది.

మాది కోరుట్ల పక్క ఇబ్రహీంపట్నం. నా పసుపు చేను రోడ్డుకు వెనక ఉంటుంది. రోడ్డును ఆనుకున్న పద్నాలుగు గుంటల ముక్క జలపతిది. నేను నా చేనులో ట్రాక్టర్ దించాలంటే వాడి గట్టు మీదుగానే పోవాలి, పోయిన ప్రతిసారీ వాడు నాకేదో దానం చేసినట్టు మొహం పెట్టాలి. అలాంటిది, ఆ ముక్కను వాడే అమ్మకానికి పెట్టాడు. సరిగ్గా ఆ మలుపు మీదే పెట్రోల్ బంకుకు స్థలం వెతుకుతున్నారని టైర్ల దుకాణం ఫరూఖ్ నా చెవిలో వేశాడు. ఆ సంగతి జలపతికి తెలియదు. చెప్పడం నా పనా? మస్కట్‌లో అన్నేళ్లు ఉండి వచ్చినవాడికి ఆ మాత్రం తెలివి ఉండాలి. పొలం ధరకే మాట కుదిరింది. ఆ రోజు సాయంత్రం బయానా డబ్బు చేతిలో పెడితే ఇక వెనక్కి పోవడం లేదు.

అదే రోజు పొద్దున కాలేజీ మొదలు. మొదటి సెమిస్టర్ పిల్లలు తల్లిదండ్రులను వెంట తీసుకురావాలన్నారు. నా బిడ్డ అఖిల, జలపతి కొడుకు రంజిత్, ఇద్దరిదీ కంప్యూటర్ సైన్సే, ఒకటే క్లాసు. జలపతీ నేనూ ఒకే బస్సులో పోయి హాలు వెనక వరసలో పక్కపక్కన కూర్చున్నాం. మాకు ఇవతల తాహెరాబీ అని కోరుట్లలో బట్టలు కుట్టే ఆమె, కూతురు మెహ్రీన్ కోసం వచ్చి కూర్చుంది.

ఒక్కొక్కరు లేచి తమ గురించి చెప్పుకోవాలన్నాడు సార్. "మైసెల్ఫ్ ఫలానా. మై హాబీస్ లిజనింగ్ మ్యూజిక్. మై స్ట్రెంత్ హార్డ్ వర్క్. మై గోల్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్." లేచిన ప్రతివాడూ అదే పాట. నేను ఏడో తరగతితో ఆపినవాణ్ణి, అయినా కాసేపటికి నాకూ కంఠతా వచ్చేసింది.

"మంచిగ మాట్లాడుతున్రు గదనే బావా," అన్నాడు జలపతి.

"నీకేం సమజైంది?"

"మనకు సమజైతే గది ఇంగ్లీషెట్లయితది?"

అంతలో నూనూగు మీసాల పొడుగాటి పిల్లవాడొకడు లేచి, ఛాతీ విరిచి, "మైసెల్ఫ్ సింధూజ," అన్నాడు.

హాలంతా గొల్లుమంది. ముందు బెంచీలో అసలు సింధూజ డెస్కు మీద తల పెట్టేసుకుంది. జరిగింది ఏమిటంటే, ఆ పిల్ల తను రాసుకున్నది ముందురోజు క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టిందట. అందరూ దాన్నే దింపుకుని పేర్లు మార్చుకున్నారు. ఈ మహానుభావుడు పేరు మార్చడం మరిచాడు.

"ఏం సింధూజా, మీసాలెప్పుడు అచ్చినయే?" అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

రమేశ్ సార్ కూడా నవ్వి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. "ఇగ ఇంగ్లీష్ బంద్. తెలుగుల చెప్పుర్రి. మీ ఇంట్ల ఏం పని చేస్తరు, ఇప్పుడు ఇంట్ల ఏం నడుస్తుంది, మీ కంప్యూటర్ సదువు దానికేం అక్కరకస్తది. నిజం చెప్పుర్రి," అన్నాడు.

మీసాల పిల్లవాడే మొదలుపెట్టాడు. "నా పేరు వేణు సార్. మాది సిరిసిల్ల. మా నాయిన సాంచలు, గదే మరమగ్గాలు, నడిపిస్తడు. బట్ట నేస్తుంటె పోగు తెగుతది, ఉరికి పోయి సాంచ ఆపాలె. తెగంగనే ఫోన్ మోగేటట్టు చేస్త సార్."

మెహ్రీన్ లేచింది. "మా అమ్మీ గిరాకీల కొలతలు గోడకు రాస్తది సార్. ఈద్‌కు సున్నం ఏస్తే అన్ని పోయినయి. గవన్ని ఫోన్ల ఎక్కిస్త."

"సున్నం ఏపిచ్చింది దీని అబ్బాజాన్. బద్నాం నాకా?" అని తాహెరాబీ మా వైపు తిరిగి గొణిగింది.

తరవాత రంజిత్. "మా బాపు నా ఫీజులకోసమని రోడ్డు మీది భూమి అమ్ముతున్నడు సార్. నేనేం చేస్తనో నాకింక తెల్వది. గని గా భూమి పోయినందుకన్న మంచిగ సదువాలె." చెబుతూనే ఏడ్చేశాడు. జలపతి దస్తీ తీసి కళ్లు తుడుచుకున్నాడు. నేను వాడి భుజం తట్టాను. కొనేవాణ్ణి, ఆ మాత్రం మర్యాద ఉండాలి కదా.

అప్పుడు లేచింది నా బిడ్డ. ఏడుస్తున్నవాణ్ణి చూసి ఓదార్చాలనుకుంది. మనసు మెత్తన, తల్లి పోలిక. నా పోలిక వచ్చి ఉంటే బాగుండేది.

"నా పేరు అఖిల సార్. గా భూమి బయటోళ్లకు పోతలేదు, మేమే కొంటున్నం. రంజిత్ రంది పెట్టుకోవద్దు."

"వెరీ గుడ్. కొని ఏం చేస్తరు బిడ్డా?"

నేను దగ్గాను. ఇంకా గట్టిగా దగ్గాను. తాహెరాబీ నీళ్ల సీసా అందించింది.

"పెట్రోల్ బంకు సార్! కంపెనీవాళ్లు గా మలుపు మీదనే జాగ అడుగుతున్రట. కిరాయి ఎంతస్తదో బాపు అమ్మకు రోజు చెప్తనే ఉంటడు. బంకుల బిల్లులన్ని నేను కంప్యూటర్ల చేస్త. రంజిత్‌కు గూడ అండ్లనే నౌకరిస్తం."

"గిదీ గోల్ అంటే!" అని సార్ చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది. జలపతి మాత్రం దస్తీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మెల్లగా నా వైపు తిరిగాడు.

"బంకానే బావా?"

"సిన్నపిల్ల. ఏదో అన్నది."

"నా కొడుక్కు నౌకరి గూడ ఇస్తవంట. పెద్ద మనసే నీది."

"జలపతీ, మాటంటే మాట. నలుగురి ముందట ఒప్పుకున్నవ్."

"గా నలుగురికి బంకు ముచ్చట ఎరుకనా? గీడ ఇంతమంది ఉన్నరు, లేసి అడుగనా?"

నిజంగానే లేవబోయాడు. చొక్కా పట్టి కూర్చోబెట్టాను.

"నేనైతె అమ్ముకోను భాయ్‌సాబ్," అంది తాహెరాబీ, ఎవరూ అడగకుండానే.

బయటికి వచ్చాక అఖిల పరుగెత్తుకొచ్చింది. "బాపూ, అందరికన్న నేనే మంచిగ చెప్పిన్నని సార్ పెన్ను ఇచ్చిండు!"

"నీకు ఇంగ్లీషు రాదా బిడ్డా?"

"ఎందుకు రాదు బాపూ?"

"మరి గదే మాట్లాడకపోయినవా?"

తిరుగు బస్సులో జలపతి నా పక్కన కూర్చోలేదు. బయానా మాట ఎత్తనివ్వలేదు. తరవాత బంకువాళ్లకు తనే కిరాయికి ఇచ్చుకున్నాడు, వాళ్లు వచ్చీ రాగానే చుట్టూ గోడ పెట్టారు, గట్టు గోడ కిందికి పోయింది. నా చేనుకు దారి కావాలని పెద్దమనుషుల్ని కూర్చోబెడితే, డబ్బు వద్దు, భూమికి భూమి ఇమ్మన్నాడు జలపతి. ట్రాక్టర్ పట్టేంత సందు ఇచ్చి, బంకు వెనక లారీలు నిలపడానికి నా పసుపు చేనులో ఒక ముక్క కోసుకున్నాడు. రోడ్డు మీద నాకు రావలసి రాకుండా పోయింది పద్నాలుగు గుంటలు. నా చేతులతో నేను సంతకం పెట్టి ఇచ్చింది రెండున్నర గుంటలు.