ఆరు నుంచి ఏడు దాకా

ఆరు కొట్టగానే టీవీలో బొమ్మ ఆగిపోయేది. మళ్ళీ ఏడింటికి గాని వచ్చేది కాదు. పిల్లల్ని పడుకోబెట్టుకోమని ఇంగ్లండు దేశంలోని తల్లులందరికీ వదిలిపెట్టిన గంట అది. హాలిఫాక్స్‌లో తివాచీల మిల్లు నుంచి అప్పుడే ఇల్లు చేరిన ఎడ్నా సగ్డెన్‌కు మాత్రం చాకిరీ రెట్టింపయ్యేది. కార్యక్రమాలు ప్రకటించే ఫెన్‌విక్ గారు సరిగ్గా అప్పుడే టీవీలోంచి దిగి వచ్చేవాడు మరి.

దిగుతూ దిగుతూ టీవీ మీది లేసు గుడ్డ రోజూ కింద పడేసేవాడు. పైన ఇస్త్రీ నలగని నల్లకోటు, మెడకు బో టై. కింద మోకాళ్ళ దగ్గర సాగిపోయిన పాత ప్యాంటు, ఇంట్లో తొడుక్కునే చెప్పులు.

"కాస్త మంచి ప్యాంటు వేసుకు రావచ్చు కదండీ," అనేది ఎడ్నా.

"నడుం కింద ఎవరు చూస్తారండీ?"

"నాకు కళ్ళు లేవా?"

ఆయన టీ ఒక గుక్క తాగి, కషాయంలా ఉందనేవాడు. అయినా కప్పు ఖాళీ చేసేవాడు. పక్కింటి క్లెగ్ గారావిడ చక్కెరకని వచ్చి, "మా టీవీ మీదానికంటే పెద్దది. అయినా మా ఇంట్లో దిగడే," అని మూతి తిప్పుకుని పోయేది.

నాలుగేళ్ళ విన్నీ, తండ్రి పోయిన దగ్గర్నుంచి తల్లి ఎంత బతిమాలినా పడుకునేది కాదు. ఫెన్‌విక్ గారు మంచం పక్కన కూర్చుని, "ఇంతటితో నేటి కార్యక్రమాలు సమాప్తం," అంటే చాలు, కళ్ళు మూసేది. కన్నతల్లి మాటకు లేని విలువ పెట్టెలోంచి వచ్చినవాడి మాటకా అని ఎడ్నాకు ఒళ్ళు మండేది. ఏడు కొట్టేలోగా ఆయన్ని తొందరపెట్టి టీవీలోకి ఎక్కించడం ఇంకో తలనొప్పి. ఏడు దాటితే ఇక ఎక్కడం కుదరదు.

పందొమ్మిది వందల యాభై ఏడు ఫిబ్రవరిలో ఆ గంట ఎత్తేశారు. శనివారం నుంచి ఆరింటికీ బొమ్మే.

"అయితే ఇదే ఆఖరు," అన్నాడు ఫెన్‌విక్ గారు శుక్రవారం సాయంత్రం, విన్నీ గది తలుపు దగ్గరగా వేసి వస్తూ.

"పీడ విరగడైంది," అంది ఎడ్నా. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. ఈ మనిషి రేపు రాడనుకుంటే ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. "ఏడాదిగా వస్తున్నారు. ఈ కుళాయి కారుతోందని ఒక్కనాడైనా పట్టించుకున్నారా?"

"మీరు చెప్పలేదుగా."

"అన్నీ నోరు తెరిచి చెప్పాలా?"

ఆయన గడియారం వంక చూశాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. రెంచీ ఎక్కడుందని అడిగి, కుళాయి తొట్టి కింద దూరాడు.

ముందుగదిలో ఏడు కొట్టింది. బొమ్మ వచ్చింది. అందులో ఖాళీ కుర్చీ. కాసేపటికి ఎవరో కుర్రాడు ఉరుకులు పరుగుల మీద వచ్చి కూర్చుని, వంకర బో సవరించుకున్నాడు.

"ఏడయింది," అంది ఎడ్నా.

"విన్నాను," అన్నాడాయన తొట్టి కింద నుంచి.

పిల్ల లేస్తుందని ఆమె టీవీ కట్టేసింది. తెర మధ్య తెల్లచుక్క చిన్నదై ఆరిపోయింది. కింద పడ్డ లేసు గుడ్డ తీసి దాని మీద పరిచి, వంటింట్లోకి వచ్చింది.

"టీ పెట్టనా?" అంది, ఎప్పటిలాగే విసుగ్గా.

"కాస్త పలచగా పెట్టండి."