నీలం మీద నారింజ

టీవీలో వార్తలు చదివేవాళ్ళ మొహాలకి పన్నెండేళ్ళుగా మేకప్ వేస్తున్నాను. నిద్రలేని కళ్ళని, తాగి ఉబ్బిన బుగ్గల్ని, ఏడ్చి ఎర్రబడ్డ ముక్కుల్ని ఎన్నిటినో కెమెరా ముందు నిలబెట్టాను. దెబ్బలు తిన్న మొహం మాత్రం మొన్నటిదాకా నా చేతిలో పడలేదు.

యుద్ధం మొదలైన నెలలోనే మా టీవీ స్టేషన్‌ని మన సైన్యం తీసుకుంది. కింద పాత టేపులు దాచే గదిలో అవతలివాళ్ళ మనిషి ఒకణ్ణి బందీగా పెట్టారు. సైనికుడు కూడా కాదు, బడిపంతులు. పాఠం చెబుతుంటే పట్టుకొచ్చారట. మా ఆయనా సైనికుడు కాడు. కరెంటు స్తంభమెక్కి తీగ సరిచేస్తుంటే అవతలివాళ్ళు దింపి తీసుకుపోయారు, నాలుగు నెలలైంది. ఆయన్ని పట్టుకున్నవాళ్ళు రాక్షసులు, పంతుల్ని పట్టుకున్నవాళ్ళు మావాళ్ళు. అప్పటికి నాకు తెలిసిన న్యాయం అంతే.

ఇక్కడి ఆఫీసర్ని చాటుగా నవ్వుల సార్ అంటాం. ఎవరి కొంప ముంచినా నవ్వుతూనే ముంచుతాడు. ఓ మధ్యాహ్నం నన్ను పిలిపించి, పంతులు క్షేమంగా ఉన్నట్టు వీడియో తీయాలన్నాడు. మొహం బాగా కుదిరితే బందీల మార్పిడి జాబితాలో మా ఆయన పేరు మొదట రాస్తానన్నాడు. నా పెట్టె తీసుకుని మెట్లు దిగాను.

పంతుల్ని కుర్చీకి కట్టేసి ఉంచారు. ఎడమ కన్ను కింద నుంచి చెవిదాకా నీలం. పెదవి చిట్లి ఎండిపోయింది. తడిగుడ్డతో తుడుస్తుంటే పళ్ళు బిగబట్టాడే గాని అరవలేదు. కాపలావాడు తలుపు దాటగానే పంతులు గొంతు తగ్గించాడు.

“అక్కా, చెవి దగ్గరిది ఒక్కటి వదిలెయ్యి. మా అమ్మ చూస్తుంది. కొడుతున్నారని తెలిస్తేనే మావాళ్ళు తొందరపడతారు. బాగున్నాననుకుంటే ఇక్కడే వదిలేస్తారు.”

మాట్లాడితే పెదవి మీద రంగు నిలవదు, నోరు మూసుకోమన్నాను. నిజంగా అదే అన్నాను.

నీలం మీద నేరుగా చర్మం రంగు పూస్తే లైట్ల కింద బూడిదలా తేలుతుంది. ముందు నారింజ రంగు పలచగా అద్దాలి, అప్పుడు నీలం చచ్చిపోతుంది. చెవి వెనక కూడా వదల్లేదు. అద్దంలో తన మొహం చూసుకుని పంతులు ఏడ్చాడు. చెంప మీద చార పడింది. విసుక్కుంటూ మళ్ళీ అద్దాను. నవ్వుల సార్ తెర మీద చూసి పెళ్ళికొడుకులా ఉన్నాడన్నాడు. సిగ్గులేకుండా గర్వపడ్డాను.

నాలుగు రోజులకి అవతలివాళ్ళు మా ఆయన వీడియో వదిలారు. అత్తయ్య టీవీకి అతుక్కుపోయింది. కొడుకు రంగు తేలాడనీ, మనకన్నా వాళ్ళే బాగా చూసుకుంటున్నారనీ మురిసిపోయి, ఆ పూట కడుపునిండా తిన్నది.

నేను ఆయన కన్ను కిందే చూస్తున్నాను. బూడిద. దవడ పొడుగునా బూడిద. కింద దెబ్బలున్నాయన్నమాట. అయినా మొదట నాకు తోచిందేమిటో దాచను. నారింజ అద్దడం కూడా రాని మొద్దు ఎవతో మా ఆయన మొహం పాడుచేసింది అనుకున్నాను.

నవ్వుల సార్ దగ్గరికి పరుగెత్తాను. మా ఆయన్ని కొడుతున్నారు, మార్పిడి తొందరగా జరిపించమని కాళ్ళమీద పడ్డంత పనిచేశాను.

“ఆ బూడిద నీకు తప్ప ఎవరికి కనబడిందమ్మా? మనవాళ్ళు నిక్షేపంగా ఉన్నారని ఇటూ అటూ అందరూ సంతోషంగా ఉన్నారు. ఇక తొందరేముంది? చర్చలు మూడు నెలలు వాయిదా. అంతా నీ చలవే” అన్నాడు. వచ్చే వారం పంతులిది ఇంకో వీడియో ఉందన్నాడు.

ఆ వారం పంతులి మొహం మరీ అధ్వాన్నంగా ఉంది. రెండో కన్ను కూడా మూసుకుపోయింది. పెట్టె తెరుస్తుంటే తట్టింది నాకు. అవతలి మనిషికి పని రాక కాదు. తెలిసే నారింజ వదిలేసి ఉంటుంది. మా ఆయన కూడా అక్కా అని అడిగి ఉంటాడు, ఆవిడ వినిపించుకుంది. నాలాంటిది ఒకతి చూస్తుందని ఆశపడి ఉంటుంది.

పంతులు ఈసారి నన్నేమీ అడగలేదు. అడిగితే వదిలేసేదాన్నేమో అని ఇప్పుడు చెప్పుకుంటే అది అబద్ధం. కప్పితే మా ఆయన రాక ఇంకా ఆలస్యమవుతుందని తెలుసు. కప్పకపోతే నవ్వుల సార్ ఆయన పేరు కొట్టేస్తాడనీ తెలుసు.

నారింజ డబ్బా మూత తీశాను.